ధూమము ప్రసాదమగునా?

శివునికి అర్పింపబడినది ప్రసాదమగును, ప్రసాదము భక్తుని పావనుని చేయును అనునది వీరశైవమున అందఱును అంగీకరించిన విషయము. అయితే ఈ సిద్ధాంతమునే ఆధారముగా చేసికొని, చిలుము వెలిగించి, శివనామము పలికి, గంజాయి పొగను పీల్చువారు దేశమున పలుచోట్ల కలరు. శివరాత్రి జాతరలయందును, కుంభమేళాలయందును ఈ దృశ్యము క్రొత్తది కాదు. ఉత్తర కర్ణాటకమున యాదగిరి ప్రాంతమునందలి ఒక దేవాలయమున జాతర సమయమున గంజాయిని ప్రసాదముగా పంచు ఆచారము కలదనియు, కొన్ని శరణ, ఆరూఢ సంప్రదాయములవారు దానిని ధ్యానసాధనముగా భావింతురనియు 2020లో వార్తాపత్రికలు వ్రాసినవి. ఇట్టి ఆచారములను గూర్చి విన్న యువకునికి సహజముగనే ఒక సందేహము కలుగును. సాధువు త్రాగినప్పుడు భక్తి అయినది, గృహస్థుడు త్రాగినప్పుడు దోషమెట్లగును?

ఈ ప్రశ్నను కసరి త్రోసిపుచ్చుట సులభము. కాని కసరుట సమాధానము కాదు. యువకుడు అడిగినది ధర్మసంబంధమైన ప్రశ్న. దానికి ధర్మముతోడను, యుక్తితోడను సమాధానము చెప్పవలసిన బాధ్యత పెద్దలపై కలదు. అందు రెండు భాగములు కలవు. పొగ ఊపిరితిత్తులలో ప్రవేశించి ఏమి చేయును? అది మొదటిది. భక్తుని సంకల్పము ఆ పనిని మార్పగలదా? అది రెండవది. మొదటిదానికి వైద్యశాస్త్రమును, రెండవదానికి శరణుల మార్గమును ఆశ్రయింపవలెను. మొదటిది తెలియక రెండవది తేలదు.

ఊపిరితిత్తుల నిర్మాణము మిక్కిలి సున్నితమైనది. కంఠమునుండి దిగిన శ్వాసనాళము చెట్టుకొమ్మలవలె చీలి చీలి, చివరకు కోట్లాది సూక్ష్మమైన గాలిగదులుగా ముగియును. ఆ గదుల గోడలన్నిటిని పఱచినచో సుమారు 70 చదరపు మీటర్ల వైశాల్యము కలుగునని శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. ఒక పెద్ద ఇంటి నేలంత విశాలమైన ఈ పొర ఒక మనుజుని ఱొమ్ములో ఇమిడియున్నది. దినమునకు ఇంచుమించు 20,000 పర్యాయములు గాలి దానిని తాకి మఱలిపోవుచుండును. గాలితో వచ్చు ధూళిని ఆపుటకై నాళముల లోపలి గోడలపై శ్లేష్మపు పూత యొకటియు, ఆ పూతను ఎల్లప్పుడు పైకి నెట్టు సన్నని నూగు ఒకటియు అమర్పబడియున్నవి. ఆ నూగు కంటికి కనుపింపదు. అయినను తెల్లవారుజామున వాకిలి ఊడ్చు ఇల్లాలివలె నిరంతరము శ్రమించుచుండును. దానిని దాటి లోనికి పోయిన మలినమును గాలిగదులలోని భక్షకకణములు మ్రింగివేయును. ఈ పరిశుభ్రత అంతయు మనుజుని ప్రయత్నము లేకయే జరుగుచున్నది.

పొగ మొట్టమొదట దెబ్బతీయునది ఈ పరిశుభ్రతనే. ఏ ఆకు కాల్చినను, అది గంజాయి అయినను, పొగాకు అయినను, తారు, కార్బన్ మోనాక్సైడ్ వాయువు, అతిసూక్ష్మమైన రేణువులు పుట్టును. గంజాయి పొగలో పొగాకు పొగలోని విషపదార్థములు పెక్కు కలవు. కొన్ని ఇంకను హెచ్చుగా కలవు. 2008లో కెనడా దేశమున జరిగిన పరీక్షలో గంజాయి పొగయందు అమోనియా పొగాకు పొగకంటె 20 రెట్లు వఱకు ఉన్నట్లు తేలినది. హైడ్రోజన్ సయనైడ్ మూడు మొదలు ఐదు రెట్లు ఉన్నది. ఈ దేశమున చిలుములో గంజాయితో పాటు పొగాకును కలిపి నలుపుట వాడుక గనుక రెండింటి హానియు ఒక్క దమ్ములోనే లోనికి పోవును. చిలుము అడుగున చుట్టు సాఫీ అను తడిగుడ్డ పొగను చల్లబఱచి గొంతుకు మెత్తగా తోపజేయును. కాని చల్లబడిన పొగయు పొగయే. వాయువులను, సూక్ష్మరేణువులను ఆ గుడ్డ ఆపజాలదు.

పొగ స్వభావము ఒక యెత్తు, దానిని పీల్చు విధానము ఇంకొక యెత్తు. సిగరెట్టు త్రాగువాడు పొగను పీల్చి వెంటనే విడుచును. గంజాయి త్రాగువాడు లోతుగా లాగి, దమ్ము బిగబట్టి, వీలయినంతసేపు ఱొమ్మున నిలిపియుంచును. ఈ భేదమును అమెరికాలోని లాస్ ఏంజెలస్ నగరమున డొనాల్డ్ టాష్కిన్ మొదలగు వైద్యులు కొలిచి 1988లో ప్రకటించిరి. రెండింటిని త్రాగు అలవాటు గల 15 మంది పురుషులను పరీక్షింపగా, గంజాయి త్రాగునపుడు ఒక్కొక్క దమ్ము పరిమాణము మూడింట రెండు వంతులు హెచ్చుగను, లోనికి పీల్చు లోతు మూడవ వంతు హెచ్చుగను, బిగబట్టు కాలము నాలుగు రెట్లుగను ఉన్నట్లు తేలినది. దాని ఫలితముగా పొగాకు సిగరెట్టుతో పోల్చినచో రక్తమున చేరు కార్బన్ మోనాక్సైడ్ సుమారు ఐదు రెట్లు, లోనికి పోవు తారు సుమారు మూడు రెట్లు హెచ్చినవి. పోయిన తారులో ఊపిరితిత్తులయందు నిలిచిపోవు భాగము కూడ మూడవ వంతు ఎక్కువైనది.

ఇందు ఒక విపరీతము కలదు. యోగశాస్త్రమున శ్వాసను లోపల నిలుపుటకు కుంభకమని పేరు. చిలుము త్రాగువాడు చేయునదియు బాహ్యమున కుంభకమువలెనే తోచును. కాని యోగి నిలుపునది నిర్మలమైన వాయువును. ఇతడు నిలుపునది తారును, విషవాయువును. అట్లు బిగబట్టుటవలన మత్తు చెప్పుకోదగినంత హెచ్చదని తర్వాతి పరీక్షలలో తేలినది. లాభము లేకుండ నష్టమును మాత్రము ఱొమ్మున కూర్చుకొనుట ఏ సాధన యగును?

గంజాయి పొగ ఊపిరితిత్తులకు చేయు హాని ఈ కాలమున క్రొత్తగా కనుగొన్నది కాదు. బ్రిటిషు ప్రభుత్వము 1893లో భారతదేశమున గంజాయి, భంగు, చరస్ వాడకమును విచారించుటకు ఒక కమిషనును నియమించెను. ఆ కమిషను 1,193 మంది సాక్షులను విచారించి 1894లో నివేదిక నిచ్చెను. గంజాయి పక్షమున మాట్లాడువారు నేటికిని ఆ నివేదికను చూపుదురు. మితముగా వాడినచో దేహమునకు చెప్పుకోదగిన హాని లేదని అది అభిప్రాయపడిన మాట నిజమే. కాని ఆ నివేదికయే, దీర్ఘకాలము గంజాయి పొగ త్రాగినవారి ఊపిరితిత్తులలో మసివంటి సూక్ష్మపదార్థము చేరుననియు, పొగలోని దాహకద్రవ్యములు శ్వాసనాళముల పొరను ఒఱసి కఫమును హెచ్చించి దీర్ఘకాలిక బ్రాంకైటిస్ వ్యాధిని కలిగించుననియు చెప్పినది. అనుకూలమైన మాటను గ్రహించి ప్రతికూలమైన మాటను విడుచుట సత్యశోధన కాదు.

నూఱేండ్ల తరువాత జరిగిన పరిశోధనలు ఆ మాటనే బలపఱచినవి. లాస్ ఏంజెలస్ వైద్యులు గంజాయి త్రాగువారి శ్వాసనాళముల పొరనుండి సూక్ష్మమైన ముక్కలను తీసి పరీక్షించిరి. పొగాకు త్రాగువారిలో వలెనే వీరిలోను నూగు గల కణములు నశించియుండెను. శ్లేష్మమును పుట్టించు కణములు మితిమీఱి పెరిగియుండెను. ఊడ్చువారు తగ్గిరి, చెత్త హెచ్చినది. అట్టి స్థితిలో ఆ చెత్తను బయటికి పంపుటకు దేహమునకు మిగిలిన మార్గము దగ్గు ఒక్కటే. గాలిగదులలోని భక్షకకణములు కూడ సూక్ష్మజీవులను చంపు శక్తిని కొంత కోల్పోవునని అదే బృందమువారు కనుగొనిరి. అమెరికా దేశపు జాతీయ విజ్ఞాన అకాడమీలు 2017లో అంతవఱకు వెలువడిన పరిశోధనలను సమీక్షించి, దీర్ఘకాలము గంజాయి పొగ త్రాగుటకును, దగ్గు, కఫము, మాటిమాటికి వచ్చు బ్రాంకైటిస్ అను వానికిని సంబంధము కలదనుటకు గట్టి సాక్ష్యము కలదని నిర్ణయించినవి.

అయితే సత్యము చెప్పదలచినవాడు సగము సత్యముతో ఆగరాదు. గంజాయి పొగవలన ఊపిరితిత్తుల క్యాన్సరు తప్పక వచ్చునని కొందఱు బోధకులు బెదరింతురు. శాస్త్రము అట్లు చెప్పుట లేదు. టాష్కిన్ బృందమువారే 2006లో ఆ సంబంధమును వెదకి, దానిని కనుగొనలేకపోయిరి. 2017 నాటి సమీక్షయు అట్టి సంబంధమును చూపలేదు. అమెరికాలోని నాలుగు నగరములలో 5,000 మందికి పైగా స్త్రీపురుషులను 20 సంవత్సరముల పాటు పరీక్షించిన ఒక అధ్యయనము 2012లో వెలువడినది. అప్పుడప్పుడు, స్వల్పముగా త్రాగువారిలో ఊపిరి బలము తగ్గినట్లు అందు కనబడలేదు. ఎక్కువగా త్రాగువారిలో మాత్రము తగ్గుదల సూచనలు కనుపించినవి. మఱియొకవైపు 2022లో కెనడాలోని ఒట్టావా నగరపు వైద్యులు 56 మంది గంజాయి త్రాగువారి ఊపిరితిత్తుల ఛాయాచిత్రములను పరీక్షించి, వారిలో నూటికి 75 మందికి ఎంఫిసీమా, అనగా గాలిగదుల గోడలు చెడిపోవు జబ్బు, ఉన్నట్లు చూచిరి. పొగాకు మాత్రమే త్రాగువారిలో అది నూటికి 67, ఏదియు త్రాగనివారిలో 5. కాని అది చిన్న అధ్యయనము. పరీక్షింపబడిన గంజాయి సేవకులలో పెక్కురు పొగాకును కూడ త్రాగినవారే. దానిని బట్టి కడపటి తీర్పు చెప్పుట తగదు.

ఇంత వివరముగ తూచి చెప్పుట దేనికని కొందఱు అడుగవచ్చును. భయపెట్టి మాన్పించుట మేలు కాదా అందురు. మేలు కాదు. పెద్దలు చెప్పిన ఒక్క మాట అబద్ధమని యువకుడు కనుగొన్న నాడు, వారు చెప్పిన నిజములు పదింటిని కూడ నమ్మడు. బసవేశ్వరుని బోధలో అసత్యమాడకుండుట హింస చేయకుండుటతో సమానమైన నియమము. సత్కార్యము కొఱకైనను అసత్యమును వాడవచ్చునని ఆయన ఎక్కడను సెలవీయలేదు. ఉన్న నిజమే చాలును. ఎడతెగని దగ్గు, కఫము, పిల్లికూతలు, నూగు రాలిన నాళములు, బలము తగ్గిన రక్షణకణములు, ఇవి చిన్న నష్టములు కావు.

ఇంకొక విషయము చెప్పవలసియున్నది. గంజాయిలోని మత్తుపదార్థము త్రాగిన కొంతసేపు శ్వాసనాళములను విప్పార్చును. అందువలన ఉబ్బసము గలవానికి కూడ తొలుత ఊపిరి తేలికయైనట్లు తోచును. ఈ అనుభవమే చాలమందిని నమ్మించి మోసము చేయుచున్నది. విప్పారిన నాళములగుండా పొగ మఱింత లోతునకు పోవును. కొంతసేపటికి ఆ తేలికతనము పోవును, పుండు మిగులును. తొలుత సుఖమిచ్చి తుదకు దుఃఖము నిచ్చు దానిని గుర్తించుటయే వివేకమని పెద్దలు చెప్పుదురు. ఊపిరి విషయమున ఈ మాట అక్షరాల నిజము.

జాతరలలో చిలుము చేతులు మాఱుచుండును. ఒకడు నోట పెట్టుకొన్నది పదిమంది నోట పెట్టుకొందురు; చుట్టును కూర్చుండి దగ్గుచుందురు. ప్రపంచమునందలి క్షయరోగులలో సుమారు నాల్గవ వంతు భారతదేశముననే కలరు. క్షయ గాలిద్వారా వ్యాపించు వ్యాధి. ఒకే గొట్టమును పంచుకొని, ఇఱుకుచోట కూడి గంజాయి త్రాగిన స్నేహబృందములలో క్షయ వ్యాపించినట్లు ఇతర దేశముల వైద్యులు నమోదు చేసిరి. పంచుకొనుట దాసోహమున గొప్ప గుణము. కాని అన్నము పంచుకొనుట వేఱు, రోగము పంచుకొనుట వేఱు.

ఇక రెండవ ప్రశ్నకు రావలెను. శివార్పణమను మాట పలికినంతమాత్రమున పొగ తన స్వభావమును విడుచునా?

వీరశైవమున షట్స్థలములు భక్తుడు, మహేశుడు, ప్రసాది, ప్రాణలింగి, శరణుడు, ఐక్యుడు అని చెప్పబడినవి. ప్రసాదిస్థలము మూడవది, ప్రాణలింగిస్థలము నాల్గవది. ఈ క్రమమున గొప్ప అర్థము కలదు. తాను స్వీకరించు దానిని శుద్ధి చేసికొన్నవాడే తన ప్రాణమునందు లింగమును దర్శింపగలడు. ప్రసాదమనగా చేతికి చిక్కిన దానినెల్ల శివునకు చూపి నోట వేసికొనుట కాదు. లింగమునకు తగినది ఏది, తగనిది ఏది అని విచారించి, తగినదానినే అర్పించుట ప్రసాది లక్షణము. భోగేచ్ఛ ముందు పుట్టి, దానికి ముసుగుగా శివనామము తర్వాత వచ్చినచో అచట అర్పించినది ఏమియు లేదు. తాను కోరినదానికి శివుని సాక్షిగా నిలుపుట మాత్రమే జరిగినది.

అర్పణకు మొదటి నియమము వస్తువు వచ్చిన మార్గము. శరణులు శుద్ధమైన కాయకముచే లభించినదే లింగమునకును, జంగమమునకును అర్హమని నిర్ణయించిరి. గంజాయి ఎట్టి మార్గమున వచ్చుచున్నది? 1985లో పార్లమెంటు చేసిన మాదకద్రవ్యముల చట్టము గంజాయిని, అనగా ఆ మొక్క పూతకొమ్మలను, పండించుట, అమ్ముట, కలిగియుండుట నేరముగా చేసెను. ఆంధ్ర, ఒడిశా సరిహద్దు మన్యమున దళారులు గిరిజనులచే దీనిని సాగు చేయింతురు. 2021లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఆపరేషన్ పరివర్తన అను పేర విశాఖ మన్యమున వేల ఎకరముల గంజాయి తోటలను నఱికించిరి. లాభము దళారిది, కారాగారము తఱచుగా పేద గిరిజనునిది. ఒకని బిడ్డలు అనాథలగునట్లు చేసి వచ్చిన వస్తువును శివుని ముంగిట నుంచి పావనమైనదని పలుకుట కాయక సిద్ధాంతము నెఱిగినవారికి సాధ్యము కాదు.

రెండవ నియమము వస్తువు స్వభావము. గంజాయి శివునికి ప్రియమైన మూలిక గనుక భక్తునికిని హితమేయని వాదింతురు. ఉమ్మెత్త పూవు శివునికి ప్రియమైనదే. జిల్లేడు పూవు ప్రియమైనదే. వానిని భక్తులు లింగముపై నుంతురు. కాని ఉమ్మెత్తకాయను ప్రసాదమని తినువాడు కలడా? జిల్లేడుపాలను తీర్థమని పుచ్చుకొనువాడు కలడా? విషమని తెలిసిన వస్తువును దేవునికి అర్పించుట వేఱు, దానిని దేహమున నింపుకొనుట వేఱు అని వివేకము గల ప్రతి గృహిణికిని తెలియును. ధూపమును శివుని ముందు వేయుదురు. గదిలో పొగ నిండినచో కిటికీ తెఱతురు. ఎవరును ఆ పొగను గొట్టముతో పీల్చి ఱొమ్మున నింపుకొనరు. అన్ని పూజలలోను పాటించు ఈ వివేకము గంజాయి దగ్గఱ మాత్రము ఏల మఱుగుపడవలెను?

శివుడు హాలాహలమును మ్రింగెను గనుక శివభక్తునికి విషభయమేల అను మాటయు వినవచ్చును. ఆ కథను సరిగా చదువవలెను. గరళకంఠుడు విషమును స్వీకరించినది లోకమును కాపాడుటకు, తన సుఖమునకు కాదు. స్వీకరించియు దానిని కంఠముననే ఆపెను, లోనికి దిగనీయలేదు. చిలుము పట్టినవాడు తన సుఖము కొఱకు విషమును కంఠము దాటించి ఊపిరితిత్తుల అడుగునకు పంపుచున్నాడు. దేవుని త్యాగమును భక్తుని భోగమునకు దృష్టాంతముగా చూపుట న్యాయము కాదు.

మిగిలినది నేటి యువకులు తఱచుగా పలుకు వాదము. “దేహము నాది, ఊపిరి నాది, చెడిపోయినచో నాకే కదా నష్టము” అని వారందురు. ఈ వాదమును తేలికగా తీసివేయరాదు. వ్యక్తి స్వాతంత్ర్యము గౌరవింపదగినది. బసవేశ్వరుడును పుట్టుకచే వచ్చిన బంధనములనుండి మనుజుని విడిపించుటకే పాటుపడెను. కాని ఆయన ఇచ్చిన స్వాతంత్ర్యము దేహము తనదే అను స్వాతంత్ర్యము కాదు; దేహము దేవునికి ఆలయము, ఇంకొకని ఆస్తి కాదు అను స్వాతంత్ర్యము. ఆలయమునకు పూజారి కలడు, యజమాని లేడు. ఆలయపు గోడలకు మసిపూయుటకు పూజారికి హక్కు ఎక్కడిది? పైగా ఒకని ఊపిరి ఒకనిదే కాదు. కాయకము చేయు చేతులకు బలమునిచ్చునది ఊపిరి. మెట్టు ఎక్కినంతనే ఆయాసపడు తండ్రి బిడ్డలకు భారమగును. రాత్రులు దగ్గుచు కూర్చున్న భర్తతోపాటు భార్యయు మేలుకొనును. మూసిన గదిలో వదలిన పొగను పసివాడు పీల్చును. నష్టము నాకే అనువాడు ఇల్లంతయు లెక్కలోనికి తీసికొనలేదు.

ఇచ్చట పెద్దలును తమ్ము తాము పరీక్షించుకొనవలసియున్నది. బీడి త్రాగు తండ్రి గంజాయి త్రాగు కుమారుని దూషించినచో ఆ మాటకు బలము లేదు. ప్రపంచమున పొగాకువలన ఏటా 70 లక్షలకు పైగా జనులు మరణించుచున్నారు. ఊపిరితిత్తుల క్యాన్సరుకు పొగాకు ముఖ్యకారణమని సందేహము లేకుండ ఋజువైనది. గంజాయి విషయమున ఋజువు కానిది పొగాకు విషయమున ఋజువైనది. చట్టము ఒకదానిని నిషేధించి ఇంకొకదానిని అంగడిలో అమ్మనిచ్చినంతమాత్రమున ఊపిరితిత్తులు ఆ భేదమును పాటింపవు. వానికి తెలిసినది గాలి, పొగ అను రెండే. భంగు నూఱి త్రాగువాని ఊపిరితిత్తులకు పొగబాధ లేదన్నది నిజమే. మనస్సుపై దాని ప్రభావము వేఱు విచారణకు సంబంధించినది.

గంజాయి త్రాగువానిని వెలివేయుట ఈ సమస్యకు పరిష్కారము కాదు. భారత ప్రభుత్వము పక్షమున 2019లో ప్రకటింపబడిన సర్వేక్షణము, ఒక సంవత్సరకాలమున భంగు, గంజాయి, చరస్‌లలో ఏదేని సేవించినవారు దేశమున సుమారు 3 కోట్ల 10 లక్షల మంది కలరని తెల్పినది. వారిలో గంజాయి, చరస్ సేవించినవారు సుమారు 1 కోటి 30 లక్షలు. ఇందఱిని పాపులని త్రోసివేయు సమాజము ఎవరిని బాగుచేయగలదు? కల్యాణమున శరణులు ఏ వృత్తివానిని, ఏ గతము గలవానిని వాకిట నిలుపలేదు. లోనికి పిలిచి మార్చుకొనిరి. అలవాటులో చిక్కినవానికి మొదట కావలసినది తిట్టు కాదు, తోడు.

తోడు దొరకినచో ఫలము కలదు. న్యూజిలాండు దేశపు డనీడిన్ నగరమున 1972, 1973 సంవత్సరములలో పుట్టిన సుమారు వేయిమందిని వైద్యులు బాల్యమునుండి పరీక్షించుచు వచ్చిరి. గంజాయి మానినవారిలో లేక బాగుగా తగ్గించినవారిలో దగ్గు, కఫము, పిల్లికూతలు తగ్గి, ఎన్నడును త్రాగనివారి స్థితికి సమీపమునకు వచ్చినవని 2015లో వారు ప్రకటించిరి. రాలిన నూగు మరల మొలకెత్తును. ఊడ్చుపని మరల మొదలగును. పూర్తిగా చెడిన గాలిగదులు తిరిగి రావు గాని, అంతవఱకు పోకముందే ఆగినవానికి దేహము క్షమాగుణముతో ప్రవర్తించును.

మఠములు ఈ విషయమున చేయదగిన పనులు పెక్కు కలవు. జాతరలకు వచ్చువారికి చిలుము ప్రసాదము కాదని స్వాములు ముఖతః చెప్పినచో, వైద్యుడు చెప్పినదానికంటె ఎక్కువమంది విందురు. విద్యార్థివసతులలో పొగ, ఊపిరి, క్షయ అను విషయములపై వైద్యులచే ప్రసంగములు చేయింపవచ్చును. పదునైదు దినములు దాటిన దగ్గు గలవానిని క్షయ పరీక్షకు పంపవచ్చును. మానదలచి మానలేనివారికి ప్రభుత్వపు ఉచిత సహాయ దూరవాణి 14446 కలదు. దానిని మఠపు గోడపై వ్రాయించుటకు ఖర్చు లేదు. వీటన్నిటికంటె ముందు, మానదలచిన వానిని నలుగురిలో అవమానింపకుండ ప్రక్కన కూర్చుండబెట్టుకొని మాట్లాడు ఒక పెద్దమనుష్యుడు ప్రతి ఊరను కావలెను.

వీరశైవుడు ఇష్టలింగమును ధరించు స్థానము వక్షస్థలము. దానికి వెనుక, ఎముకల గూటిలో, ఊపిరితిత్తులు ప్రతిక్షణము విప్పారుచు ముడుచుకొనుచు ఉండును. ప్రతి శ్వాసకును లింగము ఱొమ్ముపై మెల్లగా లేచి దిగుచుండును. లింగపూజకు ముందు భక్తుడు స్నానము చేయును, విభూతి ధరించును, పీఠమును తుడుచును. ఆ లింగమును మోయు ఊపిరి మాత్రము మసిబాఱి యున్నచో బాహ్యశుద్ధి ఎంత చేసినను పూజ కొఱతపడును. ప్రాణమునందు లింగమును చూడగోరువాడు మొదట ప్రాణవాయువునకు త్రోవ శుభ్రముగా ఉంచవలెను. ధూమము ప్రసాదము కాదు. శివుడు ప్రతి ప్రాణికిని వెల లేకుండ, అడుగకయే ఇచ్చిన ప్రసాదము గాలి. దానిని ఇచ్చినట్లుగనే స్వీకరించి, పీల్చినంత నిర్మలముగనే విడుచుట ప్రతి మనుజునికిని సాధ్యమైన నిత్యార్పణము.